పొడవు–వెడల్పు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఏది పెద్దదో అది పొడవు, ఏది చిన్నదో అది వెడల్పు.

అవతారిక: కరీంనగర్‌లో ఒక బడి. నాలుగో తరగతి పిల్ల అడ్డంగా పరుచుకున్న ఒక దీర్ఘచతురస్రం గీసి, వెడల్పు 12 సెంటీమీటర్లు, పొడవు 8, వైశాల్యం 96 అని రాసింది. వెడల్పు మీదా పొడవు మీదా ఎర్ర సిరా పారింది, అర మార్కు పోయింది. ఎందుకని అడిగితే సారు నోట వెలువడిన మహావాక్యమే పై సూత్రం.

ప్రతిపదార్థం: ఏది = ఏది. తక్కినవి సుబోధకాలు.

విశేషం: అస్రమంటే మూల. నాలుగు మూలలున్నది చతురస్రం, సాగితే దీర్ఘం. ఎటు సాగిందో పేరులో లేదు. క్షేత్రగణితాన్ని తెలుగువారికి అందించినవాడు పావులూరి మల్లన. అతడు ఆధారం చేసుకున్నది 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. మహావీరుడంటే రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం. రాష్ట్రకూటులంటే వారి సామంతులు వేములవాడ చాళుక్యులు. వేములవాడంటే రెండో అరికేసరి, ఆయన కొలువులో పంపకవి. పంపడంటే తమ్ముడు జినవల్లభుడు. జినవల్లభుడంటే గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దంలో అతడు చెక్కించిన శాసనం. అందులో మూడు తెలుగు కందాలున్నాయి! కందానికి ఒకటో పాదంలో మూడు గణాలు, రెండో పాదంలో ఐదు, మళ్లీ మూడు, మళ్లీ ఐదు. ఇంత ఎగుడుదిగుడు పద్యాన్ని రాయి మీద వరుసల్లో ఇమిడ్చిన ఉలి ఎంత నేర్పరిదో! ఐదు గణాల పాదం పొడవనీ, మూడు గణాలది వెడల్పనీ ఏ లాక్షణికుడూ...

ప్రస్తుతం దేని గురించి? ఆ, అర మార్కు.

లోకవ్యవహారం: సిరిసిల్ల మగ్గం మీద పడుగు నిడివిన నడుస్తుంది, పేక అడ్డంగా పడుతుంది. పడుగు దిక్కు పొడవు, పేక దిక్కు పన్నా. తాను నుంచి 80 సెంటీమీటర్ల రైకగుడ్డ కోయిస్తే పొడవు 80. 44 అంగుళాల పన్నా దాదాపు 112 సెంటీమీటర్లు. చిన్నదే పొడవైంది! అయినా బట్టల దుకాణంలో ఎవరూ గుడ్డను తిప్పి పేరు మార్చరు. 'ఎంత గొయ్యాలె అక్కా?' అంటాడు, కత్తెర పడుతుంది.

గుంట సంగతి ఇంకా విచిత్రం. 33 అడుగులకు 33 అడుగులు, 121 చదరపు గజాలు. అన్ని పక్కలూ సమానమైతే సూత్రం ఎవరికి పట్టం కడుతుంది?

అలాంటి గుంటలు 40 అయితే ఎకరం. ఆదిలాబాద్‌లో పత్తి చేను ఎకరం 22 గజాలకు 220 గజాలుంటే చుట్టూ కంచె 484 గజాలు. అదే ఎకరం 44కు 110 అయితే 308 చాలు. అడవి పందులకు కంచె కట్టే రైతుకు ఈ 176 గజాల తేడా తీగ దుకాణంలో రూపాయల్లో తెలుస్తుంది. ఏ పక్కను పొడవని పిలిచినా తీగ ఒక్క గజం తగ్గదు. ఈ లెక్క చెబితే నాలుగో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. దాన్ని వదిలి, పక్కలకు పేర్లు పెట్టే తంతుకు మార్కులేమిటి సారూ? 96 సరిగానే వచ్చింది కదా!

తాత్పర్యం: తర్వాతి పరీక్షలో ఆ పిల్ల కాగితాన్ని నిలువుగా తిప్పి అదే బొమ్మ గీసింది. పొడవు 12, వెడల్పు 8. పూర్తి మార్కులు.