చెరువు రెండో విడతలో వస్తుంది

మా కాలనీ చెరువుకు మంచిరోజులు వచ్చాయి. సుందరీకరణ చేస్తారట. పోయిన ఆదివారం ఫంక్షన్ హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ముందు సమోసాలు పంచి, తర్వాత అభిప్రాయాలు అడిగారు కాబట్టి అభిప్రాయాలన్నీ కరకరలాడుతూ వచ్చాయి.

కన్సల్టెంటు కుర్రాడు తెర మీద బొమ్మలు చూపించాడు. వాకింగ్ ట్రాక్, దాని పక్కన జాగింగ్ ట్రాక్, దాని పక్కన సైకిల్ ట్రాక్. మూడింటికీ తేడా రంగులోనే. ఓపెన్ జిమ్, యోగా అరుగు, సెల్ఫీ పాయింటు, మ్యూజికల్ ఫౌంటెన్, ఫుడ్‌కోర్టు, కాలనీ పేరు పక్కన నిలువెత్తు ఎర్ర గుండె. నీళ్లు మాత్రం స్విమ్మింగ్‌పూల్ నీలంలో ఉన్నాయి. వాటి మీద హంసలు. గట్టు మీద నడిచే మనుషులు ఈ కాలనీవాళ్లు కారు. పొడుగ్గా, తెల్లగా ఉన్నారు. ఒక్కరి ముక్కుకైనా చున్నీ గానీ జేబురుమాలు గానీ అడ్డం లేదు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. నేను పదేళ్లుగా ఆ గట్టున నడుస్తున్నాను. షుగరు కాబట్టి నడవక తప్పదు. జేబురుమాలు లేకుండా మత్తడి దాకా వెళ్లొచ్చిన మనిషిని ఇంతవరకు చూడలేదు.

“మరి కంపు సంగతేంటి బాబూ?” అని వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది.

“గట్టు పొడుగునా పూలమొక్కలు పెడుతున్నాం మేడమ్. నైట్‌క్వీన్ కూడా ఉంది.”

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని విన్నాం. ఆ కస్తూరికి టెండరు పిలవడం చూడటం ఇదే మొదలు. చెరువులోకి మురుగు తెచ్చే నాలాల మాటేమిటని నేనూ లేచి అడిగాను. “అవి రెండో విడతలో ఉన్నాయి సార్” అన్నాడు. పూడిక? రెండో విడత. గుర్రపు డెక్క? రెండో విడత. చెరువు మీద అలిగి కడుక్కోని వాడి గురించి మన పెద్దలు ఒక మోటు సామెత చెప్పారు. ఇప్పుడు చెరువుతో ఎంత సఖ్యంగా ఉన్నవాడైనా ఆ నీళ్లతో ఆ పని చెయ్యడు.

గట్టును ముస్తాబు చేసి నీళ్లను మరిచిపోయే ఈ విద్య మా కాలనీ సొంతం కాదు, హుస్సేన్‌సాగర్ దగ్గర నేర్చుకున్నది. 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువది. మూసీ నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. జనం దాహం తీర్చాలని కట్టారు పాపం, ఫొటోలు దిగడానికి కాదు. నాలుగు వందల ఏళ్లు దాటాక మన కళ్లు దాని గట్టు మీద పడ్డాయి. లుంబినీ పార్కు, సంజీవయ్య పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ వచ్చాయి. మెడలో హారంలా నెక్లెస్ రోడ్డు వచ్చింది. 2016లో 291 అడుగుల జెండా స్తంభం లేచింది. 2023 ఫిబ్రవరిలోనైతే ఆ గట్టే ఫార్ములా-ఈ కార్ల పందానికి 2.8 కిలోమీటర్ల ట్రాకయింది. ట్రాకు జన్మ ఎత్తినందుకు అంతకు మించిన మోక్షం ఏముంటుంది? అదే రోడ్డున టికెట్టు కొనుక్కుని కృత్రిమ అలల్లో మునకలు వేసే పార్కు కూడా ఉంది. పక్కనే అసలు నీళ్లున్నాయి. అందులో మునిగే ధైర్యం వినాయకుడికి తప్ప ఎవరికీ లేదు.

బాలానగర్, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల నీళ్లు, ఇళ్ల మురుగు కలిసి కూకట్‌పల్లి నాలా మీదుగా దశాబ్దాలపాటు ఆ చెరువులోకే చేరాయి. వాటిని మళ్లించడానికి, శుద్ధి చేయడానికి పనులు జరిగాయి, కాదనను. కానీ మురుగు పైపు దగ్గర రిబ్బను కత్తిరిస్తే ఫొటో బాగా రాదు. ఫౌంటెన్ దగ్గర వస్తుంది. బడ్జెట్ ఎటు పారుతుందో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు, ఫొటోగ్రాఫర్ చాలు.

మళ్లీ మా చెరువుకొద్దాం. దక్కను చెరువు గిన్నె కాదు, ఓ పక్కకు వంచి పెట్టిన పళ్లెం. పల్లం వైపు ఒక్కటే కట్ట. ఎగువన గట్టు ఉండదు, ఉండకూడదు. వాననీరు వచ్చేది అటునుంచే. నిండితే నీరు వెనక్కి పాకుతుంది, ఎండితే ముందుకు జరుగుతుంది. అలా పాకే నేలే శిఖం. కట్టకు తూము, ఓ చివర మత్తడి. ఆంధ్రలో అలుగంటారు. మత్తడి దూకిన నీరు కింది చెరువుకు, అక్కడ దూకింది ఇంకా కిందికి. అదే గొలుసుకట్టు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో చూడటానికి ఊరికో నీరటి ఉండేవాడు. ఆయన ఏనాడూ డీపీఆర్ అనే ప్రాజెక్టు నివేదిక రాయలేదు.

ఇప్పుడు మా ప్లానులో ట్రాకు చెరువు చుట్టూ తిరిగొస్తుంది. చుట్టూ నడవాలంటే చుట్టూ గట్టు పోయాలి, ఎగువన కూడా. అంటే చెరువు నోటికి ప్లాస్టరు. వాన లోపలికి రావడానికి రెండు పైపులు, పైపులకు జాలీ, జాలీకి మనం విసిరే పాలిథిన్ కవర్లు.

అసలు కిటుకు ఇంకోటుంది. 2012 భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, దాటాక 30 మీటర్ల బఫర్ వదలాలి. నడకదారి వేసుకునే వెసులుబాటు ఆ బఫర్‌లో ఉంది. మా చెరువు బఫర్‌లో ఖాళీ లేదు, డూప్లెక్సులున్నాయి. వాటి హాల్లోంచి ట్రాకు వేస్తే వాస్తు దెబ్బతింటుంది. అందుకని ట్రాకే మర్యాదగా నీళ్లలోకి జరిగింది. దానికి ఇనుప కంచె వేస్తారు. కంచె లోపలిది చెరువు. మరి బయట మిగిలింది? అది నిన్నటిదాకా శిఖం, రేపటినుంచి ఖాళీ స్థలం, ఎల్లుండికి లేక్‌వ్యూ ప్లాట్లు. పాపం కబ్జాదారుడు ఇన్నాళ్లూ అర్ధరాత్రి లారీలతో మట్టి తోలుకునేవాడు. ఇకమీదట ఆ శ్రమ లేదు, పట్టపగలు టెండరు పిలిచి మనమే పోయిస్తాం. గుడినీ గుళ్లో లింగాన్నీ మింగేవాడికి ప్రదక్షిణ మార్గం కూడా వేసిపెడుతున్నాం.

పాతవాళ్లను ప్లాను మరిచిపోలేదు. తరతరాలుగా వల వేసుకునే గంగపుత్రులకు బదులు ‘ఫిషింగ్ డెక్’ ఉంది, టికెట్టు మీద. కంచె అడ్డం కాబట్టి బతుకమ్మలను వదలడానికి చెరువు పక్కనే సిమెంటు తొట్టి ఉంది. చెరువు ఒడ్డున నిలబడి తొట్టిలో బతుకమ్మను వేసే భాగ్యం ఎందరికి దక్కుతుంది!

నీళ్లకు మాత్రం డీపీఆర్ చదవడం రాదు. 2020 అక్టోబరులో షా హాతిం చెరువు నీళ్లు టోలీచౌకీ నదీం కాలనీలోకి వచ్చి రోజుల తరబడి కూర్చున్నాయి. అదే నెలలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీల మీద పడింది. 2025లో అంబర్‌పేటలో పూడ్చేసిన బతుకమ్మ కుంటను తవ్వితే, కొద్ది అడుగుల్లోనే నీరు ఊరింది. మనం పోయిందనుకున్న చెరువు ఎక్కడికీ పోదు, మట్టి కింద ఓపిగ్గా ఉంటుంది.

సభ ముగిసే వేళకు మూలన కూర్చున్న పెద్దాయన లేచాడు. వాళ్ల తాత ఆ చెరువుకు నీరటి. సమోసా తినలేదు, చేతిలోనే ఉంది. “సారూ, అంత మంచిగనే ఉన్నది. మత్తడి ఏడున్నదో జర చూపెట్టు” అన్నాడు.

కుర్రాడు బొమ్మను పెద్దది చేసి వెతికాడు. పక్కనున్న అధికారిని అడిగాడు. ఆయన ఫైలు తిప్పాడు. చివరికి పెద్దాయనే తెర దగ్గరికి నడిచి ఒక చోట వేలు పెట్టాడు. ఆ వేలు కింద ఫుడ్‌కోర్టు ఉంది.

“మరి నీళ్లు ఏడికెళ్లి పోవాలె?”

“రెండో విడతలో చూస్తాం తాతా.”

అభ్యంతరాలు రాసివ్వడానికి ఈ నెలాఖరు దాకా గడువుంది. నేను తెల్ల కాగితం మీద ఒకటే వాక్యం రాసిచ్చి, రసీదు తీసుకున్నాను: మత్తడి మీద బజ్జీలు వేయకండి. ఆ చెరువు కింద మీ ఇల్లుంటే మీరూ ఒకటి రాయండి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.