పాత బండి, కొత్త కుర్రాడు

యమహా ఆర్‌డీ 350 మన దేశంలో రాజ్‌దూత్ 350 పేరుతో 1983లో రోడ్డెక్కింది. రెండు సిలిండర్లు, 347 సీసీ. హై టార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్. అప్పట్లో 'పెట్రోలు తాగే బండి మనకెందుకు?' అని మొహం తిప్పుకున్నవాళ్లే ఎక్కువ. దశాబ్దం తిరక్కుండానే దాని తయారీ ఆగిపోయింది.

ఇప్పుడు యాభై దాటిన బాబాయిలకు అదే కావాలి! ఇంటి లోను తీరింది, పిల్లలు అమెరికా చేరారు. ఇక కార్బురేటర్ కోసం ఢిల్లీ కరోల్‌బాగ్‌కు ఫోన్లే ఫోన్లు. పిన్ని గ్రైండర్ బాగుచేయించమంటే 'పాతది, పారేయ్' అనే మనిషి, తుప్పు సైలెన్సర్‌కు క్రోమ్ పూత పూయిస్తున్నాడు. తీరా బండి తయారయ్యాక కిక్ కొట్టడానికి మోకాలు సహకరించదు. మెకానిక్ కుర్రాడే కొట్టిపెట్టాలి.

ఓ మాట బాబాయ్! జపాన్ ఆర్‌డీకి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, మన దానికి డ్రమ్మే. అందుకే రంగు వేయించే ముందు బ్రేకులు చూపించు. బండికి పిస్టన్లు ఎక్కడో ఓచోట దొరుకుతాయి. నీ మోకాలి చిప్ప మాత్రం కరోల్‌బాగ్‌లో దొరకదు.