బాయిలరు పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము

తే. రాత్రి నింపిన పీడనరాశి యేది?
ముల్లు వాలెను సున్నపై మొద్దు వోలె;
నేల తడి లేదు, గోడపై నీరు లేదు;
ఎచటి కేగెనొ చెప్పవే యింటివేల్ప!

అవతారిక

ఇంగ్లండున స్లౌ పట్టణములో అద్దెయింట కాపురమున్న ఒక తెలుగు గృహస్థు, చలికాలపు ఉదయమున స్నానమునకు వేడినీరు రాక, వంటింటి కాంబీ బాయిలరు నెదుట తువ్వాలుతో నిలిచి ఇట్లు వాపోవుచున్నాడు.

ప్రతిపదార్థము

రాత్రి = నిన్నటి రాత్రి (ఇల్లాలు గుర్తుచేయగా అని శేషము); నింపిన = ఫిల్లింగ్ లూపు కొళాయి త్రిప్పి పట్టించిన; పీడనరాశి = ప్రెషరు మొత్తము, అనగా నీరు చల్లగా నున్నపుడు ఒకటి మొదలు ఒకటిన్నర బారు; ఏది = ఎక్కడ?; ముల్లు = గేజు ముల్లు; మొద్దు వోలె = ఎంత తట్టినను కదలక; సున్నపై = సున్న అంకెమీద; వాలెను = పడెను; నేల తడి లేదు, గోడపై నీరు లేదు = స్పష్టము; ఇంటివేల్ప = ఓ బాయిలరూ; ఎచటికి ఏగెనొ = ఎక్కడికి పోయెనో; చెప్పవే = ఎర్రర్ కోడులో గాక, తెలుగున చెప్పుము.

తాత్పర్యము

నింపిన నీరు పోయినది. పోయిన జాడ లేదు. వేడినీరు అసలే లేదు.

విశేషములు

బాయిలరనగా మన పెరటిలో కట్టెలు వేసి కాచెడి రాగి బాయిలరు కాదు. దాని మూత తీసి చెంబుతో నీరు పోయవచ్చును. ఇది మూసిన వలయము. ఒకే నీరు బాయిలరునకు, గదులలోని రేడియేటర్లకు నడుమ ఏండ్ల తరబడి తిరుగును. కొళాయిలో వచ్చెడి నీరు వేరు, ఈ నీరు వేరు. సుమారు అర బారుకు దిగగానే పెక్కు బాయిలర్లు వెలుగుట మానును. కావున సున్న దాక చూచుట కవి ఓపికకు నిదర్శనము.

“ఎచటికి” అను ప్రశ్నను కొందరు వ్యాఖ్యాతలు మెచ్చుకొనిరి. మాకు సమ్మతము కాదు. “ఎప్పుడు” అని అడిగియుండవలెను. ముల్లు పడిన వేళయే నీరు పోయిన దారిని చెప్పును. రేడియేటర్లలోని గాలి తీసిన మరునాడు పడినచో అది సహజము, ఒకసారి నింపిన చాలును. బాయిలరు వెలిగినను ఆరినను రోజురోజుకు కొంచెము కొంచెముగా దిగినచో, రేడియేటరు వాల్వు దగ్గరనో, నేలపలకల క్రింది పైపులోనో చెమ్మ వెదకవలెను. వేడెక్కినపుడు మూడు బార్ల దాక ఎగబ్రాకి, చల్లారగానే సున్నకు జారినచో దోషము ఎక్స్‌పాన్షన్ వెసెలుది.

దీనికి కారణము: చల్లని నీరు 80 డిగ్రీలకు వేడెక్కునప్పటికి నూటికి సుమారు మూడు వంతులు పెరుగును. వలయమున నూరు లీటర్లున్నచో మూడు లీటర్లకు చోటు కావలెను. ఆ చోటిచ్చునది వెసెలు. అందు రబ్బరు పొరకు ఒక వైపు నీరు, మరొక వైపు గాలి. గాలి పోయినను, పొర చినిగినను నీటికి చోటు లేదు. ప్రెషరు మూడు బార్లు చేరగానే రక్షణ వాల్వు తెరచుకొని నీటిని ఇంటి బయటకు నెట్టివేయును. ఒకసారి తెరచుకొన్న వాల్వు నలక పట్టి సరిగా మూసుకొనక, పిదప చుక్కచుక్కగా కారుచునే యుండుటయు కలదు.

“గోడపై నీరు లేదు” అనుచోట వివాదము కలదు. పూర్వపక్షము: కవి చూచెను, లేదు. సిద్ధాంతము: కవి లోపలి గోడనే చూచెను. ఆ రక్షణ వాల్వునుండి వచ్చు రాగి గొట్టము బయటి గోడను చీల్చుకొని పోయి, గోడవైపే వంగియుండును. బయటి గోడ తడిసియున్నదిగదా అందురేమో. ఇంగ్లండున తడి లేని గోడ ఏది? కావున గొట్టము మూతికి వదులుగా ఒక ప్లాస్టిక్ సంచి కట్టి చూడవలెను. సలసల కాగిన నీరు పడవచ్చును గనుక చేయి పెట్టరాదు. సంచి పొడిగా నున్నను నిశ్చింత లేదు. బాయిలరు లోపల నీటిని కాచెడి హీట్ ఎక్స్‌చేంజరు చిల్లిపడినచో ఆ నీరు కండెన్సేటు పైపువెంట డ్రైనేజీలోనికి పోవును. నేల పొడిగానే యుండును.

“నింపిన” అను క్రియయందు దోషము కలదు. నింపుట మరమ్మతు కాదు. ప్రతి నింపుటలోను కొత్త నీటితో ఆక్సిజను లోపలికి వచ్చును, తుప్పును ఆపుటకు పోసిన ఇన్హిబిటరు పలచబడును, రేడియేటర్ల అడుగున నల్లని బురద చేరును. ఏడాదికొక మారు నింపిన ఓర్వవచ్చును. వారమువారము నింపువాడు రోగమును పెంచుచున్నాడని భావము.

“ఇంటివేల్ప” అనునది శ్లేష. ఒక అర్థము బాయిలరు. రెండవది ఇంటి యజమాని. రెండవదే ఫలప్రదము. ఇంగ్లండున ఏడేండ్లకు తక్కువైన అద్దె ఒప్పందములలో వేడినీటి, హీటింగు పరికరములను బాగుగా నుంచు బాధ్యత 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టము, 11వ సెక్షను ప్రకారము యజమానిదే. కవి ఆ మొరను పద్యమున గాక ఈమెయిలున వ్రాసియుండవలెను.

ఫలశ్రుతి

దీనిని చదివినవారు నింపుటకు ముందు చల్లని వేళ ఒకటి, వేడి వేళ ఒకటి గేజు అంకెలను తేదీతో వ్రాసికొందురు. బాయిలరు మూత తామై విప్పరు; 2009 ఏప్రిల్‌లో కోర్గీ అను పాత పట్టిక స్థానమున వచ్చిన గ్యాస్ పనివారి పట్టిక, గ్యాస్ సేఫ్ రిజిస్టరులోని వానినే పిలుతురు. వచ్చినవాని కార్డును వెనుకకు త్రిప్పి చూతురు. ఏ పనికి అర్హత కలదో అచటనే యుండును. అతడు ఏమీ చూడక, మరల నింపి, బిల్లు చేతికిచ్చినచో, ఆ అంకెల చీటీని అతని చేతికిత్తురు.