ఆ మెసేజ్ ఎవరికి చేరింది?

ఫోన్ నంబరు చెప్పిన ప్రతి ఆడమనిషికీ ఆ ఫోన్ సొంతమేననుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క ఊహలోనే ఉంది. తర్వాత జరిగిందంతా దాని వెంట వచ్చిందే.

నేను చదువుతున్నది గచ్చిబౌలి, హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉన్న బిజినెస్ స్కూళ్లలో ఒకదానిలో. రెండో టర్ములో మాకు సోషల్ ఇంపాక్ట్ ప్రాజెక్టు ఉంటుంది. ఏదో ఒక సామాజిక సమస్యకు టెక్నాలజీతో పరిష్కారం చూపాలి, పైలట్ నడపాలి, చివర్లో ఇన్వెస్టర్ల ముందు నిలబడి పది నిమిషాల్లో ఒప్పించాలి. సమస్య కోసం ఊళ్లు తిరగనక్కర్లేదని మా టీములో మొదట అన్నది నేనే. మా హాస్టల్లో హౌస్‌కీపింగ్ చేసే అక్కలు రోజూ కళ్లముందే ఉన్నారు. ఎక్కువమంది పాలమూరు వైపు నుంచి వచ్చి సిద్దిఖ్‌నగర్ గల్లీల్లో అద్దెకుంటున్నవాళ్లు. వాళ్లకో పొదుపు సంఘం ఉంది. తలా 200 రూపాయలు నెలనెలా వేసుకుని, అందులోంచే అవసరమైనవాళ్లకు అప్పిచ్చుకుంటారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల మీటింగుకి వెళ్లాను. లీడరక్క ఒంటిగది ఇల్లు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన పొడుగు పుస్తకాన్ని ఆమె ట్రంకుపెట్టెలోంచి తీసింది. డిగ్రీ చదివే వాళ్లమ్మాయి ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతుంటే వాళ్లు డబ్బు చాప మీద పెడుతున్నారు. ఒకామె పేరు దగ్గర చదవడం ఆగింది. వాళ్లమ్మ పోయింది, దినాలకు ఊరెళ్లొచ్చింది, ఈ నెల కిస్తీ కట్టలేదు. దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎంత ఖర్చయింది, తమ్ముళ్లు ఏమైనా వేసుకున్నారా, వచ్చే నెలైనా కుదురుతుందా. చివరికి "రెండు నెలలు ఆగి ఇయ్యి" అని తేల్చి, తీర్మానం పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టారు. ఇదంతా చూస్తూ నేను నా నోట్స్‌లో రాసుకున్నది ఇది: రెండు గంటలు వృథా, బాకీల విషయంలో ఒక పద్ధతంటూ లేదు.

మా యాప్ ఆ రెండు గంటల్ని లేకుండా చేస్తుందని చెప్పుకున్నాం. డబ్బు యూపీఐలో కట్టేయొచ్చు, వడ్డీ దానంతటదే లెక్కపడుతుంది, నెలాఖరుకి ప్రతి సభ్యురాలికీ తన నిల్వ ఎంతో మెసేజ్ వెళ్తుంది. ఆ మెసేజ్ తెలుగులో వెళ్లాలని పట్టుబట్టింది నేనే. మన భాషలో ఇస్తేనే మన వాళ్లకి అందుతుందని టీములో వాదించి గెలిచాను. నంబర్లు రాసుకుంటున్నప్పుడు ఒకామె తటపటాయించింది. "ఇంట్లో ఏ నంబరుంటే అదే చెప్పండక్కా, ఏం పర్లేదు" అన్నాను. ఆ మాట అన్నది నా నోరే, ఎవరి మీదికీ నెట్టలేను.

వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ ఆమె భర్త దగ్గర ఉంటుంది. ఆటో నడుపుతాడు. నెలాఖరున ఆ ఫోన్‌కి నా తెలుగు మెసేజ్ వెళ్లింది: మీ పొదుపు నిల్వ 11,400 రూపాయలు. ఆమెకు చదువు రాదు. ఆయనకు వచ్చు.

కూతురి ఇంటర్ ఫీజు కోసం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కూడబెట్టుకున్న డబ్బు అది. ఆటో ఫైనాన్స్ కిస్తీలు అప్పటికే పెండింగులో ఉన్నాయట. "ఇంట్ల ఇన్ని పైసలు పెట్టుకోని నన్ను ఫైనాన్సోళ్లతోటి తిట్లు తినిపిస్తవా" అని గొడవ పడ్డాడు. ఆయన్ని దుర్మార్గుణ్ణి చేసి నేను తప్పించుకోలేను. ఆటో ఎత్తుకుపోతే ఆ ఇల్లు గడవదు, ఆయన భయం ఆయనది. కానీ ఆ డబ్బు కూతురి చదువుకి పోవాలా, ఆటోకి పోవాలా అన్నది ఆమె తన మనసులో ఎప్పుడో తేల్చుకుంది. అది ఎవరికీ తెలియకుండా ఉన్నంతకాలమే ఆ నిర్ణయం ఆమె చేతిలో ఉంటుంది. నేనొక బటన్‌తో దాన్ని ఆయన చేతిలో పెట్టాను. ఆమె సంఘానికి వచ్చి మొత్తం తీసుకెళ్లిపోయింది.

ఇదేదీ నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసింది ఫీడ్‌బ్యాక్ ఫారంలో వచ్చిన మార్కులు మాత్రమే. యాప్ ఎలా ఉందని ఒక్కొక్కరినీ అడిగితే అందరూ "మంచిగుంది మేడం" అన్నారు. డబ్బు పోగొట్టుకున్నామె కూడా అదే మాట అంది, చీపురు గోడకి ఆనించి నిలబడి. ఐదుకి ఐదు వేసుకున్నాను. తర్వాత ఆమె మీటింగులకు ఎందుకు రావడం లేదని లీడరక్కనడిగితే సంగతంతా చెప్పింది. నాతో ఆమె ఒక్కమాటైనా అనలేదేమని అడిగాను. "మీ మొఖం మీద ఎట్ల చెప్తది బిడ్డా? రేపు మీ హాస్టల్ల పని పోతే?" అంది లీడరక్క. నేను ఉండే గది తుడిచే మనిషిని నా ప్రాజెక్టు ఎలా ఉందని అడగడం, ఆమె బాగుందంటే దాన్ని డేటా అనుకోవడం! వినియోగదారుల పరిశోధన మీద ఒక టర్మంతా చదువుకున్న నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇంకా చెప్పాలి. ఇది తెలిసింది ఫైనల్ ప్రెజెంటేషన్‌కి ముందే. అయినా ఆ మార్కుల స్లైడ్ చూపించాను. ఒక్క కేసు కోసం మొత్తం పైలట్‌ని తక్కువ చేసుకోకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మాకు రెండో బహుమతి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది మరొకటి. ఇదంతా నేను ముందే చదువుకున్న పాఠం. మొదటి టర్ములో మాకు సూక్ష్మ రుణాల మీద ఒక కేసు ఉండింది. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ వైపు 1990ల చివర్లో చిన్న స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్‌కెఎస్, హైదరాబాద్ కేంద్రంగా దేశంలోకెల్లా పెద్ద సూక్ష్మ రుణ సంస్థగా ఎదిగి, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కి వెళ్లింది. షేరు 985 రూపాయలు, సమీకరించింది 1,600 కోట్లకు పైగా. పేదలకు అప్పివ్వడం కూడా లాభసాటి వ్యాపారమేనని ప్రపంచమంతా చెప్పుకుంది. అప్పటికే ఉమ్మడి రాష్ట్రంలో ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిస్తున్నాయి, వారం వారం కిస్తీల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: జిల్లాల్లో రిజిస్టర్ చేసుకోవాలి, వసూలు నెలకోసారే, అదీ పంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ చోటే. దాంతో రాష్ట్రంలో తిరిగి చెల్లింపులు కుప్పకూలాయి.

ఆ క్లాసులో నేను గట్టిగా మాట్లాడాను. పెరుగుతున్న ఒక పరిశ్రమను ప్రభుత్వం ఓట్ల కోసం చంపేసిందన్నాను. మెదక్ నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్ చెయ్యెత్తి, కిస్తీ కట్టలేని రోజున గ్రూపులోని మిగతా ఆడవాళ్లు తమ ఇంటి ముందు చీకటిపడేదాకా కూర్చున్నారని, వాళ్లమ్మ ఆ రోజంతా లోపల తలుపేసుకుందని చెప్పాడు. "అది ఒక అనుభవం, డేటా కాదు" అని అతనికి జవాబిచ్చాను. క్లాస్ పార్టిసిపేషన్‌లో నాకు మంచి మార్కులే పడ్డాయి. అతను ఆ టర్ములో మళ్లీ చెయ్యెత్తినట్టు గుర్తులేదు.

పొదుపు సంఘం వేరు, అప్పు కోసం కట్టిన గ్రూపు వేరు. ఆ తేడా కూడా నాకప్పుడు తెలియదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు మిగిలాక దాన్ని దాచుకోవడానికి అదే జిల్లాలో పొదుపులక్ష్మి గ్రూపులు పుట్టాయి. అంటే మొగవాళ్ల చేతికి చిక్కకుండా కాపాడుకున్న డబ్బుతోనే తెలుగునేల మీద పొదుపు ఉద్యమం బలపడింది. సంఘాలకు నేర్పే పంచసూత్రాల్లో క్రమం తప్పని పొదుపు, అప్పు, చెల్లింపు, పుస్తకాలతో పాటు క్రమం తప్పని సమావేశం కూడా ఒకటి. నేను తీసేయబోయింది దాన్నే. వాజ్‌పేయి 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఇలాంటి సంఘాలు ఉమ్మడి రాష్ట్రంలో చాలా ఊళ్లలో ఉన్నాయి. ఈ ఐటీ కారిడార్‌లో కూర్చుని చదివే మాకు సైబర్ టవర్స్ కథ కంఠతా వచ్చు. సంఘాల కథ ఎవరూ అడగరు, మేమూ వెతుక్కోం.

మీటింగులో నిల్వ ఎంతో పైకే చదువుతారు. కానీ వినేది ఆ గదిలోని ఆడవాళ్లే. కట్టలేని మనిషి తన కారణాన్ని తన నోటితో చెప్పుకుంటుంది, తోటివాళ్లు గడువిస్తారు. పుస్తకం ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోతే ఆ మాట గది దాటదు. ఇవన్నీ నాకు జాప్యంగా, లోపంగా కనబడ్డాయి. మా రెండో వెర్షన్‌లో ఏముండబోయిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. కిస్తీ తప్పినవాళ్ల పేరు ఎర్రరంగులో సభ్యులందరి ఫోన్లకీ వెళ్లే ఏర్పాటు అది. స్లైడ్‌లో దానికి పారదర్శకత అని పేరు పెట్టాను. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి బయటపెట్టిన లోన్ యాప్‌లు చేసింది కూడా ఇదే. అప్పు తీసుకున్న మనిషి ఫోన్‌లోని నంబర్లన్నీ లాగి, బంధువులకీ స్నేహితులకీ ఎగవేతదారు అని మెసేజ్‌లు పంపి పరువు తీశారు. ప్రాణాలు పోయాయి. వాళ్ల ఉద్దేశం వేరు, నాది వేరు. మెసేజ్ ఒక ఇంట్లోకి వెళ్లి చేసే పని మాత్రం రెండు చోట్లా ఒకటే.

యాప్ ఆపేశాం, నంబర్లన్నీ తుడిచేశాం. నా వాటా బహుమతి డబ్బు ఆమెకు ఇస్తానని లీడరక్కతో అంటే వద్దంది. "అది మేము చూసుకున్నం" అంది. మా యాప్ రద్దు చేయబోయిన ఆదివారం మీటింగులోనే వాళ్లు కూర్చుని, లీడరక్క పేరు మీద అప్పు రాసి, పిల్ల ఫీజు కట్టేశారు. ఆమె తిరిగి పొదుపు మొదలుపెట్టింది, ఇంకొకామె పేరు మీద. నేను ఆమె దగ్గరికి వెళ్లి తప్పయిపోయిందని చెప్పాను. "అయిపాయె లే మేడం" అని బకెట్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లింది. ఆ మాట క్షమించానని చెప్పడమా, లేక ఇక్కడ తన ఉద్యోగం ఉందని గుర్తుంచుకుని అన్నదా, నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందని కూడా అనుకోను.

ఆ మెదక్ క్లాస్‌మేట్‌తో కూడా మాట్లాడాను. వాళ్లమ్మ ఆ అప్పు ఎలా తీర్చిందో అడిగాను. చాలాసేపు చెప్పాడు. అది రాయాల్సింది అతనే.

మొన్న జూనియర్లు వచ్చారు. మా రిపోర్టు చదివారట. ఆ అక్కలు ఒకసారి పైలట్‌కి అలవాటుపడ్డవాళ్లు కాబట్టి తమకూ పరిచయం చేయమన్నారు. జరిగిందంతా చెప్పాను, స్లైడ్ సంగతితో సహా. శ్రద్ధగానే విన్నారు. ఒకమ్మాయి అడిగింది: "అయితే ఈసారి ఆవిడ సొంత నంబరు తీసుకుంటే సరిపోతుంది కదా?" ఏడాది క్రితం నేనైనా అదే అడిగేదాన్ని. నంబర్లు లేవని చెప్పాను. ఏ ప్రశ్నాపత్రం లేకుండా, ఫోన్లు బయటికి తీయకుండా ఒక ఆదివారం వచ్చి కూర్చునేట్టయితే ముందు లీడరక్కని అడిగి చూస్తానన్నాను. ఆమె రమ్మంటేనే.