ర్యాంకు సారొచ్చారు

ఈఏపీసెట్ ఫలితాలొచ్చిన సాయంత్రం నాగారంలో ఏ ఇంట్లో టీవీ మోగడం లేదో చూసుకుని మరీ ర్యాంకు సార్ ఆ ఇంటి గేటు తీస్తారు. స్వీట్లు పంచుతున్న ఇంటివైపు కన్నెత్తి చూడరు. మంచి ర్యాంకుతో ఆయనకు పనేముంది?

ప్రతి కాలనీకీ ఒకరుంటారు. ఈసీఐఎల్‌లోనో ఎన్‌ఎఫ్‌సీలోనో చేసి రిటైరై, కీసర రోడ్డుకు అటో ఇటో రెండొందల గజాల్లో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పింది లేదు. ‘సార్’ అన్న బిరుదు చంకలోని స్పైరల్ బైండింగు పుణ్యమే. అందులో ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి నిరుడు చివరి సీటు ఎంత ర్యాంకుకు పోయిందో మొత్తం ఉంటుంది, ఎర్ర ఇంకు గీతలతో సహా.

‘‘ఎంతొచ్చింది బిడ్డా?’’

కిరాణా కొట్టు దగ్గరే తెలిసింది ఆయనకు. అయినా అడగాలి.

‘‘నలభై ఎనిమిది వేలంకుల్.’’

‘‘అది జీతమన్నా బాగుండు’’ అని వంటింట్లోంచి తల్లి.

ఇక ఓదార్పు మొదలు. మొదటి ముద్దాయి నార్మలైజేషన్. ‘‘ఏ పూట రాసినవ్? పొద్దుగాలనా? గదీ సంగతి! పొద్దుగాల పేపర్ అల్కగ ఇచ్చిండ్రు, అందుకే మార్కులు కోసిండ్రు.’’ గంట కిందట వెనక వీధి అమ్మాయికి చెప్పిందీ ఇదే, పూట ఒక్కటే వేరు.

ఆ తర్వాత పాతకాలం మీద బెంగ. ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్న రోజుల్లో అయితే వీడు ఎక్కడో ఉండేవాడట. 2023లో దాన్ని పూర్తిగా తీసేసినప్పటి నుంచి సార్‌కి అదో తీరని దుఃఖం. వెయిటేజీ ఉన్నన్నాళ్లూ పిల్లల్ని ముంచిందే అది అని చెప్పింది కూడా ఈయనేనని కాలనీలో అందరికీ గుర్తే.

‘‘160 ప్రశ్నలు, మైనస్ మార్కులు లెవ్వు. ఒక్కటన్నా ఇడిసిపెట్టినవా?’’

‘‘లేదంకుల్. టైమైపోతుంటే రానియ్యన్నీ సి కొట్టిన.’’

‘‘శభాష్! 2025ల ఇంజనీరింగుకు రెండు లక్షల మీదనే రాసిండ్రు. నీ ఎనుక లక్షన్నర మంది ఉన్నరు. సమజైందా?’’

తండ్రికి మాత్రం ముందున్న నలభై ఎనిమిది వేల మందే కనిపిస్తున్నారు.

ఒక్క మాట చెప్పాలి. సార్ లెక్కల్లో నాకు నచ్చేది ఈ లక్షన్నరే. ‘‘మా ఆడపడుచు కొడుక్కి మూడు వేలొచ్చింది’’ అని ఫోన్ చేసే చుట్టాలకంటే, కీసరగుట్టకు మొక్కుకోకపోవడం వల్లే ఇలా అయిందని తేల్చేవాళ్లకంటే, కాలిక్యులేటర్ పట్టుకొచ్చే మనిషి వెయ్యి రెట్లు నయం. కాకపోతే ఆయన టీ రెండుసార్లు తాగుతారు.

‘‘మరి ఫీజు?’’ అని తండ్రి నోరు విప్పగానే సార్ గొంతు తగ్గుతుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు మామూలుగా 10,000 లోపు ర్యాంకైతేనే ఫీజు మొత్తం సర్కారు కడుతుంది. అది దాటితే 35,000 వరకే. మిగతాది ఇంటివాళ్ల నెత్తిన. తండ్రి కరెంటు బిల్లు వెనక కూడికలు మొదలుపెడతాడు. ఆ కాసేపు మాత్రం సార్ నిజంగానే ఏమీ మాట్లాడరు.

తేరుకుని పుస్తకం తెరుస్తారు. వేలు తడి చేసుకుని సీబీఐటీ, వాసవి పేజీలు ఒకేసారి తిప్పేసి ఘట్‌కేసర్ వైపు దిగుతారు. సీఎస్‌ఈ రాకుంటే సీఎస్‌ఎం, అది కాకుంటే సీఎస్‌డీ, అదీ కాకుంటే సీఎస్‌సీ. ఇంజనీరింగంటే ఆయన దృష్టిలో ఈ నలుగురు అన్నదమ్ములే. ‘‘బస్సు మన రాంపల్లి చౌరస్తకెళ్లే పోతది’’ అన్నది ఆఖరి అస్త్రం.

‘‘నేను సివిల్ తీసుకుందామనుకుంటున్న అంకుల్’’ అంటాడు పిల్లవాడు, ఇంతసేపటికి.

‘‘ఇంట్ల ఎవలన్న కాంట్రాక్టరున్నరా?’’

‘‘లేరు.’’

‘‘మరెందుకు?’’

ఇష్టమనేది ఆ స్పైరల్ బైండింగులో ఏ కాలమ్‌లోనూ లేదు. పిల్లవాడు ఊరుకోక, ‘‘మీ అబ్బాయికి అప్పుడెంత ర్యాంకొచ్చిందంకుల్?’’ అని అడుగుతాడు.

‘‘మావోడా? డల్లస్‌ల ఉన్నడు.’’

‘‘ర్యాంకంకుల్...’’

‘‘అప్పట్ల ర్యాంకులు వేరే ఉండె బిడ్డా’’ అంటూ లేస్తారు. ఇంకా మూడిళ్లు తిరగాలి.

మీ గేటు కూడా తీస్తే రానివ్వండి, టీ ఇవ్వండి, నార్మలైజేషన్ మీద ఆయన అనేది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి. వెబ్ ఆప్షన్లు మాత్రం పిల్లలనే పెట్టుకోనివ్వండి, సివిలైనా సరే. సార్ గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ అనే మాటొకటి అక్షరాలా నిజం: సీటొచ్చాక గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది.