వాకరోపాఖ్యానం

వాకర్ అంటే ఇంకా నడక రాని పసివాణ్ణి గుడ్డ సీటులో వేలాడదీసి, కింద ఆరో ఎనిమిదో చక్రాలు బిగించి, ఇల్లంతా తిరగనిచ్చే ప్లాస్టిక్ చట్రం. ముందు ఒక ట్రే, ట్రే మీద గిలక్కాయలు, నొక్కితే పాడే బొత్తాలు, పాటతో పాటు వెలిగి ఆరే రంగు దీపాలు ఉంటాయి. పాట సాధారణంగా ఒక్కటే. బ్యాటరీ అయిపోయేదాకా ఇంటిల్లిపాదికీ అదే.

తెలుగు ఇళ్లలోకి ఈ వాహనం రెండు దారుల్లో వస్తుంది. పై ఫ్లాట్‌వాళ్ల పిల్లాడికి అవసరం తీరాక చేతులు మారి రావడం ఒకటి. అన్నప్రాశన నాడు మేనమామ కానుకగా రావడం రెండోది. ఈ రెండో సందర్భం మరీ తగినది. ఆ రోజు పీటల ముందు పెన్ను, పుస్తకం, బంగారం, డబ్బు పరిచి బిడ్డను వదులుతారు. పెన్ను ముట్టుకుంటే ఇంజినీరు, డబ్బు ముట్టుకుంటే వ్యాపారి అని భవిష్యత్తు అక్కడికక్కడే తేలిపోతుంది. ఇక మిగిలింది బిడ్డను ఆ భవిష్యత్తు దాకా చేరవేసే బండే. ‘కాళ్లకు బలం, బిడ్డకు ఆత్మవిశ్వాసం, తొందరగా నడక’ అని దాని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. పెట్టె మీద ఉన్న మాటల్లో నిలబడేది చక్రాల లెక్క ఒక్కటే.

తొందర అనేది ఎక్కడి నుంచి పుట్టిందో ముందు చూడాలి. బిడ్డ ఎదుగుదలను తెలుగువాళ్లు పూర్వం పిండివంటలతో కొలిచేవారు. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఊరిని బట్టి వంటకం మారేది గానీ పద్ధతి మారేది కాదు. ఆ పద్ధతిలో ఒక మర్యాద ఉండేది. బిడ్డ తన పని తాను చేశాకే పెద్దలు పొయ్యి మీద మూకుడు పెట్టేవారు. అరిసెలకు బియ్యం ముందుగానే నానబోసి, పిండి కొట్టించి, పాకం ముదిరిపోతోంది త్వరగా నడవమని బిడ్డను తరిమిన దాఖలాలు లేవు. ఇప్పుడు అరిసెలు మిఠాయి కొట్లో ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి. పాకం చూసుకునే శ్రమ తప్పడంతో పెద్దలకు బోలెడంత తీరిక మిగిలింది. ఆ తీరికంతా బిడ్డ కాళ్ల మీద పడింది.

తొమ్మిదో నెల నిండగానే విచారణ మొదలవుతుంది. ‘ఇంకా నడవట్లేదా?’ అన్న ప్రశ్నలో ‘ఇంకా’ దగ్గర గొంతు కొంచెం సాగుతుంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎవరి మనవడో సోఫా పట్టుకుని రెండడుగులు వేసిన వీడియో వస్తుంది, దాని కింద నలభై చప్పట్ల బొమ్మలు పడతాయి. ఆ రాత్రి ఒక తల్లికి నిద్ర పట్టదు. మర్నాడు అత్తగారు తన కొడుకు తొమ్మిదో నెలలోనే పరుగులు పెట్టాడని సాక్ష్యం చెబుతుంది. అప్పట్లో వీడియోలు లేవు గనక ఈ సాక్ష్యానికి ఎదురు లేదు. ముప్పై అయిదేళ్ల ఆ పరుగుల వీరుడు నేడు సందు చివరి కిరాణా కొట్టుకు కూడా బండి తీస్తాడన్న సంగతి విచారణలో ఎవరూ ఎత్తరు. చివరికి తీర్పు వెలువడుతుంది: ‘వాకర్ కొనండి, నాలుగు రోజుల్లో నడిచేస్తాడు.’

నిజానికి పిల్లలు ఎప్పుడు నడుస్తారన్నది ఇంకా తేలని విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏ ఆసరా లేకుండా సొంతంగా నడవడం 8.2 నెలలకు మొదలు కావచ్చు, 17.6 నెలలకూ కావచ్చు. రెండు చివర్లలోని బిడ్డలూ ఆరోగ్యవంతులే. మధ్య తేడా తొమ్మిది నెలల పైచిలుకు, అంటే ఆ ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టేంత వ్యవధి. వందలో నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకడమనే ఘట్టాన్నే వదిలేసి ముందుకు పోయారు. వాళ్ల ఇళ్లలో పాయసం సంగతి ఏం చేశారో ఆ నివేదికలో లేదు.

నడక ఎలా వస్తుందన్నదీ తెలిసినదే. న్యూయార్క్‌లో 12 నుంచి 19 నెలల వయసు పిల్లలను ఆటలో వదిలి, అడుగులూ పడడాలూ లెక్కపెట్టి 2012లో ప్రచురించారు. సగటున గంటకు 2,368 అడుగులు, 17 సార్లు పడడం. మరే విద్యలోనైనా గంటకు పదిహేడు సార్లు ఫెయిలైన విద్యార్థిని తెలుగు తల్లిదండ్రులు ట్యూషన్‌కు పంపి ఉండేవారు. ఈ విద్యలో మాత్రం పడడమే పాఠం. పడబోతున్నప్పుడు తుంటి కండరం బిగించాలి, పాదం మొత్తం నేలకు ఆనించాలి, చేతులు చాచి తూకం పట్టాలి, పడ్డాక పిర్రల మీద కూలబడి మళ్లీ లేవాలి. ఈ పాఠాలన్నిటినీ వాకర్ ఒక్క దెబ్బతో రద్దు చేస్తుంది. అందులో బిడ్డ బరువును కాళ్లు కాదు, సీటు మోస్తుంది. తూకం పట్టాల్సిన పని లేదు. కాలివేళ్ల కొసలతో నేలను తంతే చాలు, బండి పోతుంది. ట్రే అడ్డం వల్ల బిడ్డకు తన పాదాలు తనకు కనపడవు. ఎక్కడికైనా పోవాలన్న కోరిక ఇంత చవగ్గా తీరుతుంటే, నేల మీద పొట్ట ఈడ్చుకుంటూ పాకే కష్టం బిడ్డ మాత్రం ఎందుకు పడుతుంది?

ఫలితం ఊహించదగ్గదే. అమెరికాలో 109 మంది పసిపిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, వాకర్లో తిరిగిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం మూడూ, వాకర్ ఎరగని పిల్లల కంటే ఆలస్యంగా నేర్చుకున్నారు. పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది, నిలబడడం కూడా సొంత కాళ్ల మీదే అయితే.

ఈ భ్రమ మన కాలంలో పుట్టినదీ కాదు, మన దేశంలో పుట్టినదీ కాదు. 1440 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో తయారైన క్లీవ్స్ కేథరీన్ అనే ఆమె ప్రార్థన గ్రంథంలో బాల యేసు చెక్క వాకర్లో నడుస్తున్న చిత్రం ఉంది. పక్కన మరియమ్మ మగ్గం మీద నేస్తోంది, యోసేపు వడ్రంగి పనిలో ఉన్నాడు. ఆ చిత్రకారుడు తెలిసి వేశాడో తెలియక వేశాడో గానీ, వాకర్ దేనికి పుట్టిందో ఆ బొమ్మలోనే ఉంది: ఇంట్లో ఇద్దరికీ చేతినిండా పని.

ఇప్పటి ఇంటికి వస్తే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెండు పడగ్గదుల ఫ్లాట్‌ను తీసుకోవాలి. నేల అంతా నున్నని టైల్స్. సింహద్వారానికి, దేవుడి గదికి తప్ప గడపలు లేవు. కనక బండికి అడ్డు లేదు, స్నానాల గది దగ్గర తప్ప. అక్కడ నేల అంగుళమో రెండంగుళాలో దిగి ఉంటుంది. ముందు చక్రాలు ఆ అంచు దాటాయంటే వెనక చక్రాలు గాలిలోకి లేస్తాయి, బిడ్డ తల ముందుగా పోతుంది. పాకే బిడ్డకు నేల మీది సామాన్లే అందుతాయి. వాకర్లో కూర్చున్న బిడ్డ ఒక్కసారిగా అడుగు ఎత్తు పెరిగి, ఇంట్లో అప్పటిదాకా క్షేమంగా ఉన్నవాటన్నిటికీ పొరుగువాడవుతాడు. టీపాయ్ మీది తాతగారి కాఫీ గ్లాసు, డైనింగ్ టేబుల్ గుడ్డ కొస, ఆ గుడ్డ మీద పొగలు కక్కే సాంబారు గిన్నె, ఇస్త్రీపెట్టె వైరు, దేవుడి ముందు దీపపు కుందె. వంటింట్లో అమ్మ కుక్కర్ దించుతుండగా హాల్లోంచి బయల్దేరిన బండి ఆమె మడమల దగ్గరికి సెకనుకు దాదాపు ఒక మీటరు వేగంతో రాగలదు. గిన్నె చేతిలో ఉన్న మనిషి ఆ లోపల వెనక్కి తిరిగి, చూసి, గిన్నె పక్కన పెట్టి, వంగి పట్టుకోవాలి. ‘మేం పక్కనే ఉంటాం కదా’ అన్న ధీమాకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. వాకర్ ప్రమాదాల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్లు చూస్తుండగానే జరుగుతాయని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది.

అమెరికాలో ఈ ప్రమాదాలను ఓపిగ్గా లెక్కపెట్టారు. 1990 నుంచి 2014 దాకా పదిహేను నెలల లోపు పిల్లలు 2 లక్షల 30 వేల మందికి పైగా వాకర్ దెబ్బలతో ఆసుపత్రి అత్యవసర విభాగాలకు చేరారు. నూటికి తొంభై మందికి దెబ్బ తగిలింది తలకో మెడకో. నాలుగింట మూడొంతులు మెట్ల మీద నుంచి దొర్లిన కేసులే. మన డూప్లెక్స్ ఇళ్ల యజమానులు ఈ చివరి వాక్యాన్ని మళ్లీ చదువుకోవచ్చు.

కెనడా ఇంకో అడుగు ముందుకు వేసింది. 2004 ఏప్రిల్‌లో వాకర్లను పూర్తిగా నిషేధించింది. అమ్మడం, దిగుమతి చేయడం, ప్రకటన ఇవ్వడమే కాదు, ఇంటి ముందు పాత సామాన్లు పరిచి అమ్మే చోట పెట్టినా నేరమే. పట్టుబడితే జరిమానా, జైలు కూడా పడవచ్చు. మనవణ్ణి చూసుకోవడానికి టొరంటో విమానం ఎక్కే తెలుగు అమ్మమ్మలు ఆవకాయ, కందిపొడి, సున్నుండలతో పాటు వాకర్ను కూడా సూట్‌కేసులో సర్దే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. మన దేశంలో అలాంటి నిషేధం లేదు. ఉయ్యాలల పక్కనే, సైకిళ్ల పక్కనే, పండగ తగ్గింపు ధరలతో సహా దొరుకుతుంది.

వాకర్ను సమర్థించేవారి పెద్ద వాదన ఒకటుంది: మా పిల్లలందరూ అందులోనే పెరిగారు, అందరూ నడుస్తున్నారు. నిజమే. వాకర్ లేనివాళ్లూ నడుస్తున్నారు. నడక వాకర్ వల్ల వచ్చిందో, వాకర్ ఉన్నా వచ్చిందో ఈ వాదన చెప్పదు. తెల్లవారడానికి తన కూతే కారణమనుకున్న కోడి కూడా రోజూ ఇదే ఆధారం చూపిస్తుంది.

ఇంత తెలిశాక కూడా వాకర్ ఇళ్లలోంచి ఎందుకు పోదన్నదానికి కారణం నడకలో లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, అందులో ఒకరు ఇంటి నుంచే పని. పదకొండు గంటలకు మీటింగు, పొయ్యి మీద పప్పు, వాషింగ్ మెషీన్ కూత, పనిమనిషి ఆ రోజు రాలేదు. పది నెలల బిడ్డ చంక దిగడు, దిగితే చెత్తబుట్ట వైపు పోతాడు. ఆ అరగంట బిడ్డను ఎక్కడో ఒకచోట ఉంచాలి. వాకర్ చేసే అసలు సేవ ఇదే. దీన్ని ఎగతాళి చేయడానికి లేదు. రెండు చేతులతో మూడు పనులు చేసే మనిషికి సాయం కావాల్సిందే. ఎగతాళి చేయాల్సింది, ఆ అరగంట కోసం కొన్నదాన్ని నడక బడి అని చెప్పి అమ్మేవాళ్లనూ, సాయంగా ఒక చెయ్యి అందించకుండా ‘ఇంకా నడవట్లేదా’ అని మాత్రం అడిగే చుట్టాలనూ. పైగా ఉంచడానికే అయితే చక్రాలెందుకు? బిడ్డ ఒకచోట ఉండాలని, కదిలే బండిలో పెట్టడం ఎక్కడి తర్కం?

కదలకుండా నిలిచే చిన్న కంచె లాంటి ఆటకొట్టం దొరుకుతుంది. నేల మీద బొంత పరిచి, నాలుగు స్టీలు గిన్నెలూ ఒక గరిటె ఇస్తే వచ్చే సంగీతం వాకర్ పాట కంటే మేలు, కనీసం రోజుకో రకంగా ఉంటుంది. పట్టుకుని లేవడానికి మంచం పట్టె, దివాను అంచు చాలు. పల్లెల్లో వడ్రంగి చేసిచ్చే మూడు చక్రాల చెక్కబండి ఈ జాతిది కాదు. దాన్ని బిడ్డ వెనక నిలబడి తొయ్యాలి, బరువు సొంత కాళ్ల మీదే ఉంటుంది, పాదాలు కంటికి కనపడతాయి. అదైనా మట్టి నేల మీద నిదానంగా పోతుంది గానీ టైల్స్ మీద జారి పరుగెడుతుంది, కనక పక్కన మనిషి ఉండాలి. అడుగు వేస్తే కుయ్యిమనే బూట్ల గురించి చెప్పుకోవాల్సింది తక్కువ: ఇంట్లో నడక నేర్చుకునే పాదానికి వట్టి కాలే మంచిది, బిడ్డ ఎక్కడున్నాడో తెలియాలంటే వెండి పట్టీల మువ్వలు చాలు.

నిజంగా ఆలస్యమయ్యే పిల్లలు కొందరుంటారు. 18 నెలలు నిండినా సొంతంగా నడవకపోతే, ఒక కాలో చెయ్యో రెండోదాని కంటే బిగుసుగానో వదులుగానో కనిపిస్తే, వచ్చిన విద్య పోయినట్టనిపిస్తే ఆ బిడ్డకు కావాల్సింది వైద్యుడు. అత్తగారి సాక్ష్యమూ వాకరూ అక్కడ పనికిరావు, పైగా ఆ రెంటినీ నమ్ముకుని గడిపిన నెలలు తిరిగి రావు. తల్లీబిడ్డల ఆరోగ్య కార్డులో ఏ వయసుకు ఏం రావాలో బొమ్మలతో సహా ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో అది టీకా తేదీలు చూసుకోవడానికి తప్ప తెరవరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి ఎదుగుదల లోపాలున్న పిల్లలను గుర్తిస్తాయి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. ఆ పరీక్ష ఉచితం.