నవ్వేవాడు లేని బేరం

అమెరికాలో బాస్కెట్‌బాల్ చూసే ప్రతివాడిలోనూ ఒక జనరల్ మేనేజర్ దాక్కుని ఉంటాడు. తన జట్టులో కుంటుతున్నవాణ్ణీ, బెంచీ అరగదీస్తున్నవాణ్ణీ, బంతి పట్టడం ఇంకా నేర్చుకుంటున్నవాణ్ణీ కలిపి మూటకట్టి పక్క ఊరికి పంపాలి, బదులుగా ఆ ఊరి మొనగాణ్ణి తెచ్చుకోవాలి. ఇదీ వాడి పథకం. ఈ రోగానికి ఈఎస్‌పీఎన్ వాళ్లు మందు కనిపెట్టలేదు, యంత్రం కనిపెట్టారు. పేరు ట్రేడ్ మెషీన్. ఇటు రెండు పేర్లు, అటు రెండు పేర్లు నొక్కితే జీతాలు కూడి చూస్తుంది. లీగు నిబంధనలకు సరిపోతే సరేనంటుంది, లేకపోతే కుదరదంటుంది. ఇచ్చేవాడికి మతి ఉందా అన్నది మాత్రం చూడదు. ఆ గడి అందులో లేదు.

మా బావమరిది డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో స్థిరపడ్డ చాలామంది మనవాళ్లలాగే పగలు కోడింగు, రాత్రి డాలస్ జట్టు మావరిక్స్ ఆటలు. "బావా, క్లేబర్‌నీ ఇంకో ముగ్గుర్నీ ఇచ్చేసి, పైన రెండు రెండోరౌండు పిక్కులు పడేసి, మిల్వాకీ మొనగాడు యానిస్‌ని లాగేద్దాం. మెషీన్ ఓకే అంది" అని ఒకప్పుడు ఫోన్ చేశాడు. పిక్కంటే, ఏటా కొత్త ఆటగాళ్లని పంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు. అదే మాట వాళ్ల మిత్రబృందంలో అన్నాడో, అందరూ పడీపడీ నవ్వుతారు. మిల్వాకీవాళ్లు నీకేమైనా బాకీ ఉన్నారా అని అడుగుతారు. సాయంత్రానికల్లా పథకం చస్తుంది. ఎవరికీ పైసా నష్టం లేదు.

నా గోల ఆ నవ్వు గురించే. అది అభిమానికి ఉచితంగా దొరుకుతుంది. కోట్ల జీతం తీసుకునే జనరల్ మేనేజర్‌కి దొరకదు.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి. డాలస్ నిద్రకి సిద్ధమవుతోంది. హైదరాబాద్‌లో అప్పుడు ఆదివారం పొద్దు, ఇడ్లీలు ఆలస్యంగా దిగే వేళ. ఈఎస్‌పీఎన్ విలేకరి షామ్స్ చరానియా ఒక వార్త పెట్టాడు. డాలస్ మావరిక్స్ లూకా డోంచిచ్‌ని లాస్ ఏంజెలస్ లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ని తెచ్చుకుంటోందట! చరానియా ఖాతాని ఎవడో దొంగిలించి ఉంటాడని జనం తేల్చేశారు. పాపం, ఆయన మళ్లీ వచ్చి, ఇది నిజమేనని విడిగా రాసుకోవాల్సి వచ్చింది.

లూకాకి అప్పటికి పాతికేళ్లు. లీగు ఏటా ప్రకటించే అత్యుత్తమ ఐదుగురిలో అప్పటికే వరసగా ఐదేళ్లు ఉన్నాడు. 2024 జనవరిలో అట్లాంటా మీద ఒక్క ఆటలో 73 పాయింట్లు కొట్టాడు. ఆ జూన్‌లో జట్టుని ఫైనల్స్ దాకా మోసుకెళ్లాడు. అక్కడ బోస్టన్ చేతిలో 4-1తో ఓడారనుకోండి, అది వేరే సంగతి. 2018లో డ్రాఫ్ట్ రాత్రి ఇతగాణ్ణి అట్లాంటా నుంచి డాలస్ తెచ్చుకున్నది కూడా మార్పిడి బేరంలోనే. అంటే, బేరమెలా ఆడాలో ఆ ఆఫీసులో ఒకప్పుడు ఎవరికో తెలుసన్నమాట.

డేవిస్ తీసిపారేయాల్సిన ఆటగాడేమీ కాదు. 2020లో లేకర్స్‌కి టైటిల్ తెచ్చిపెట్టిన ఇద్దరు మొనగాళ్లలో ఒకడు. కాకపోతే వయసు 31, దెబ్బలు తగలడంలో దిట్ట. బేరం కుదిరిన రోజుకి కూడా పొట్ట కండరం పట్టేసి ఆటకి దూరంగానే ఉన్నాడు. అతనితోపాటు మాక్స్ క్రిస్టీ అనే కుర్రాడు, 2029 నాటి మొదటిరౌండు పిక్కు ఒకటి వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి! లేకర్స్ దగ్గర అప్పటికి 2031 పిక్కు కూడా ఉంది. డాలస్ అడగలేదో, అడిగి మొహమాటపడిందో. 2024 వేసవిలో న్యూయార్క్ నిక్స్ మికాల్ బ్రిడ్జెస్ కోసం బ్రూక్లిన్‌కి ఐదు మొదటిరౌండు పిక్కులు ధారపోసింది. బ్రిడ్జెస్ మంచి ఆటగాడే. అప్పటికి ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు, అంతే. అతనికి ఐదైతే లూకాకి ఒకటి. అడ్డికి పావుసేరు అనే మాట టెక్సస్‌లో లేదు కాబట్టి, అక్కడివాళ్లు బూతులతో సరిపెట్టుకున్నారు.

పాత రోజుల్లో మన పల్లెల్లో కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగేవి. వీళ్ల పిల్లని వాళ్లింటికిచ్చి, వాళ్ల పిల్లని వీళ్లు కోడలిగా తెచ్చుకోవడం. అందులో కూడా నలుగురు పెద్దమనుషులు అరుగు మీద కూర్చునేవారు. మేనత్త ఒకావిడ మూతి తిప్పేది. "ఆ పిల్లకి ఎప్పుడూ ఏదో ఒక నలతేనటగా" అని ఎవరో ఒకరు అననే అనేవారు. డాలస్ జనరల్ మేనేజర్ నికో హారిసన్ గారికి అరుగూ లేదు, మేనత్తా లేదు. లేకర్స్ బాధ్యుడు రాబ్ పెలింకాతో ఓ కాఫీ షాపులో మొదలుపెట్టి, దాదాపు నెల్లాళ్లు గుట్టుచప్పుడు కాకుండా నడిపించారు. కోచ్ జేసన్ కిడ్‌కి ఆఖరి నిమిషంలో తెలిసింది. లూకాకి అంతా అయిపోయాక తెలిసింది. లేకర్స్‌లో లెబ్రాన్ జేమ్స్‌కే ముందు తెలియదు. మధ్యలో మూడో జట్టుగా దూరిన యూటా జాజ్‌కి కూడా అసలు పేర్లు చివరిదాకా చెప్పలేదని పత్రికలు రాశాయి.

రహస్యం ఎందుకంటే బయటికి పొక్కితే గొడవవుతుందట. నిజమే, అయ్యేదే. పొక్కితే చికాగో ఫోన్ చేసేది, మయామీ ఫోన్ చేసేది, హ్యూస్టన్ అయితే కారేసుకుని వచ్చేసేది. పిక్కుల ధర పెరిగిపోయేది. అమ్మేవాడికి ఇంతకంటే గొడవేముంటుంది!

అసలు కారణం డబ్బంటారు కొందరు. ఆ వేసవికి లూకా ఐదేళ్లకి సుమారు 34.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి అర్హుడవుతాడు. ఒళ్లు చూసుకోడు, అంత పెట్టి కట్టుకోవడమా అని ఆఫీసువాళ్లు జంకారట. జట్టు యజమానులు లాస్ వెగాస్ శాండ్స్ కాసినోల అడెల్‌సన్ కుటుంబం. చేతిలోని ఆసుని ఎదుటివాడికి అందించే పేకాటరి వాళ్ల కాసినోలోకి ఎప్పుడైనా వచ్చాడో లేదో గాని, వాళ్ల ఆఫీసులో ఒకాయన జీతానికి ఉన్నాడు.

ట్రేడ్ మెషీన్‌లో చూస్తే లూకా జీతం ఆ ఏడు సుమారు 4.3 కోట్ల డాలర్లు, డేవిస్‌దీ సుమారు అంతే. ముచ్చటగా సరిపోయింది. యంత్రం ఆగేది అక్కడే. మేనేజర్ గారూ అక్కడే ఆగారు.

పిచ్చి బేరాలు లీగుకి కొత్తేమీ కాదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ మొదటిరౌండు పిక్కుల్ని అడిగినవాడికల్లా పంచేస్తుంటే భరించలేక, రాబోయే వరస రెండేళ్లలో మొదటిరౌండు పిక్కు లేకుండా ఏ జట్టూ మిగలకూడదని లీగు ఒక నిబంధనే పెట్టింది. దాన్ని ఇప్పటికీ స్టెపియన్ రూల్ అనే పిలుస్తారు. అవివేకానికి ఇంత శాశ్వతమైన శిలాఫలకం ఇంకోటి లేదు. 2011లో క్రిస్ పాల్‌ని లేకర్స్‌కి పంపే బేరాన్ని కమిషనర్ డేవిడ్ స్టెర్న్ 'బాస్కెట్‌బాల్ కారణాల' చేత రద్దు చేశాడు. అప్పట్లో న్యూ ఆర్లీన్స్ జట్టు లీగు చేతుల్లో ఉండబట్టి అది చెల్లింది. ఆ కారణాలేమిటని ఊరూవాడా ఎద్దేవా చేశారు. 2025లో అవే కారణాలు రాశుల కొద్దీ పడి ఉన్నా ఎత్తి చూపే నాథుడు లేకపోయాడు.

అందుకే లీగువారికి నాదొక మనవి. ప్రతి జట్టూ ఒక ఆస్థాన విదూషకుణ్ణి పెట్టుకోవాలి. కృష్ణదేవరాయలంతటివాడి పక్కన తెనాలి రామలింగడు ఉన్నాడని కథలు చెప్పుకునే జాతి మనది, ఈ కొలువు సంగతి మనకి తెలుసు. పెద్ద అర్హతలక్కర్లేదు. మేనేజర్ పథకం చదివి వినిపిస్తే నవ్వాలి. అతను మూడు నిమిషాల్లోపల నవ్వు ఆపలేకపోతే బేరం రద్దు. అతని జీతం జట్టు జీతాల పరిమితి (సాలరీ క్యాప్) లెక్కలోకి రాకూడదు. ఫ్రిస్కో నుంచి ఒక దరఖాస్తు ఇప్పటికే సిద్ధంగా ఉంది.

కొలువు లేకపోతే ఆ నవ్వు ఆలస్యంగా, వీధిలోకి వస్తుంది. స్టేడియం ముందు అభిమానులు శవపేటిక పెట్టారు. ఈ ఒక్క జట్టుకే 21 సీజన్లు ఆడిన డర్క్ నోవిట్జ్‌కీ విగ్రహం దగ్గర పూలు పరిచారు. ఆ పీఠం మీద చెక్కిన మాట విధేయత గురించి. డేవిస్ ఫిబ్రవరి 8న తొలి ఆటలో 26 పాయింట్లు కొట్టి, మూడో క్వార్టర్లో గజ్జ కండరం పట్టేసి బయటికి నడిచి, ఆరు వారాలు కనబడలేదు. రెండు రోజుల తర్వాతి ఆటలో, పెద్ద తెర మీద తన మొహం కనబడగానే 'ఫైర్ నికో' అని పెదాలు కదిపిన అభిమానిని బయటికి పంపేశారు. ఉచితంగా వచ్చిన విదూషకుణ్ణి గెంటేశారన్నమాట. సీజన్ టికెట్ల ధరలు కూడా పెంచారు. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ చొక్కాలో డాలస్ వచ్చి, పాత వీడియోలు చూసి కళ్లు తుడుచుకుని, 45 పాయింట్లు కొట్టి వెళ్లాడు.

సీజన్ ముగిశాక హారిసన్ గారు నోరు విప్పారు. లూకా అభిమానులకి ముఖ్యుడని తెలుసు గాని, మరీ ఇంతని తెలియదన్నారు. ఎవర్నైనా అడిగి ఉంటే తెలిసేది. పార్కింగ్‌లో కుర్రాణ్ణి అడిగినా చెప్పేవాడు. బేరం కుదిరిన కొత్తలోనే ఆయన, భవిష్యత్తంటే తన దృష్టిలో మూడు నాలుగేళ్లేనని కూడా అన్నారు. ఆ అంచనా కూడా కాస్త ఎక్కువే అయింది.

మధ్యలో అదృష్టం ఒకసారి తలుపు తట్టింది. 1.8 శాతం అవకాశంతో 2025 మేలో డ్రాఫ్ట్ లాటరీ తగిలి కూపర్ ఫ్లాగ్ అనే కుర్ర ఆటగాడు వచ్చిపడ్డాడు. అయినా కొత్త సీజన్ మొదటి 11 ఆటల్లో ఎనిమిది పోయాయి. నవంబర్ 10న మిల్వాకీతో ఆట జరుగుతుండగా, లూకా లేకర్స్ చొక్కా తొడుక్కున్న ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు కోర్టు పక్కన కూర్చున్న, యజమానుల్లో ఒకడైన పాట్రిక్ డ్యూమాంట్‌తో మాట కలిపాడని, ఆ బేరం విషయంలో బాధపడుతున్నానని యజమాని అతనితో అన్నాడని పత్రికల్లో వచ్చింది.

మర్నాడు హారిసన్‌ని పంపించేశారు. ఆయనకి బదులుగా డాలస్‌కి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రెండోరౌండు పిక్కు కూడా.